ఎవరికి బాకీ పడ్డాం, ఎవరు మాఫీ చేయగలరు?

మీరు అడిగింది రెండు విషయాలు. మిగతావాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు వాటిని క్లుప్తంగా చెబుతాను. మీరు నిజాంపేటలో ఉంటారు. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మంచి హోదాలో ఉన్నారు, కొత్తవాళ్లను తీసుకునే ఇంటర్వ్యూ ప్యానెల్‌లో మీరూ ఒకరు. మీరు ఇంజినీరింగ్ చదవడం కోసం మీ అన్నయ్య తన చదువు ఇంటర్‌తో ఆపేసి పొలం చూసుకున్నాడు. ఇప్పుడు ఆయన కొడుకు మీ కంపెనీకే అప్లై చేశాడు. "నీ చేతిల పనే గదరా" అన్నాడు అన్నయ్య. ఇది మొదటిది. రెండోది, మీ అరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో మీరు కమిటీ సభ్యులు. మురుగు ట్యాంకు శుభ్రం చేయించాల్సి వచ్చినప్పుడల్లా కాంట్రాక్టర్ మనిషిని లోపలికి దింపుతున్నాడు. యంత్రం పిలిపిస్తే ఖర్చు ఎక్కువని కమిటీ చూసీచూడనట్టు ఊరుకుంటోంది. ఈ రెండింటిలో నాకు నిజంగా నైతిక బాధ్యత ఉందా, లేక ఇదంతా నలుగురూ ఏమనుకుంటారోనన్న టెన్షన్ మాత్రమేనా అని అడిగారు.

నేను ఉస్మానియాలో ఫిలాసఫీ చదువుకుని, రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైర్ అయినవాణ్ణి. నా ఉద్యోగంలో ఎక్కువ భాగం ఎవరు ఎవరికి ఏం బాకీ అన్న తగాదాలు వినడంతోనే గడిచింది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. బాధ్యత ఉందో లేదో తేల్చుకోవడానికి మనసు ఎంత పీకుతోందో కొలుచుకోకండి. దగ్గరి చుట్టం పెళ్లికి వెళ్లలేకపోతే నెలరోజులు పీకుతుంది. మన ఇంటి కింద ట్యాంకులోకి ఎవరో తెలియని మనిషి దిగితే, మనం ఆ టైమ్‌కి ఆఫీసులో ఉంటాం కాబట్టి, అసలు పీకదు. బాధ దగ్గరివాళ్ల మీదికే పోతుంది. బాధ్యత అలా కాదు. దాన్ని తేల్చుకోవడానికి నాకు పనికొచ్చిన ప్రశ్నలు రెండే: ఇది ఎవరికి బాకీ? దీన్ని ఎవరు మాఫీ చేయగలరు? రెండో ప్రశ్నను చాలామంది అడగరు. ఇంటి విషయాలకీ నలుగురి విషయాలకీ తేడా అంతా అందులోనే ఉంది.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే "చట్టంలో లేదు కదా" అన్న మాట మీ ప్రశ్నలో రెండుసార్లు వచ్చింది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణకి 2007లో కేంద్రం ఒక చట్టం చేసింది. పిల్లలు చూడకపోతే పెద్దవాళ్లు ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. మన దగ్గర ఆర్డీవోనే ఆ ట్రిబ్యునల్ నడుపుతాడు. ఆ చట్టం ప్రకారం నెలకి పదివేల దాకా ఇప్పించవచ్చు. ఆ కుర్చీలో నేనూ కూర్చున్నాను. ఒకసారి ఒక పెద్దావిడ వచ్చింది. కొడుకు నగరంలోనే ఉంటాడు, మంచి సంపాదన. వాదనేమీ పెట్టలేదు, "నెలకి అయిదువేలు ఆన్‌లైన్‌లో వేస్తాను సార్, ఆర్డర్ రాసేయండి" అని ఫోన్ తీసి అకౌంట్ నంబర్ అడిగాడు. ఆవిడ ఫోన్ వైపు చూడలేదు. "అయిదు వద్దు సారూ, మూడే ఇయ్యమను. కానీ నెల నెలా వాడే తెచ్చి నా చేతుల పెట్టాలె" అంది. ఆర్డర్‌లో డబ్బు సంగతి రాశాను. ఆవిడ అడిగిన రెండో మాట రాయడానికి ఆ చట్టంలో చోటు లేదు. కొడుకు తన బాకీ తీరిందనే అనుకుని వెళ్లాడు. తీరిందో లేదో చెప్పాల్సింది ఆవిడ. ఆవిడ మాఫీ చేయలేదు.

రోడ్డు మీద కూడా అంతే. ప్రమాదంలో పడ్డవాణ్ణి ఆసుపత్రికి చేర్చినవాళ్లని పోలీసులూ కోర్టులూ ఇబ్బంది పెట్టకూడదని 2019లో మోటారు వాహనాల చట్టంలో రక్షణ పెట్టారు. మంచిదే. కానీ ఆ సెక్షన్ సాయం చేసినవాడికి భయం లేదని చెబుతుందే గానీ, దారినపోయేవాణ్ణి సాయం చెయ్యమని ఆజ్ఞాపించదు. చట్టం ఊరుకున్న చోట బాధ్యత కూడా లేదనుకుంటే ఔటర్ రింగ్ రోడ్డు మీద మనం ఒకరికొకరం ఏమీ కాము.

ఇప్పుడు మీ అన్నయ్య విషయం. మీరు ఆయనకి బాకీ ఉన్నారు. ఇందులో తటపటాయించాల్సింది ఏమీ లేదు. "నేను అడగలేదు, ఆయనే మానేశాడు" అన్న వాదన కొంతమంది చేస్తారు, మీరు చేయలేదు, సంతోషం. అడక్కుండా ఇచ్చినదానికి కూడా కృతజ్ఞత బాకీయే. 1930లో బ్రిటన్‌కి చెందిన రాస్ అనే తత్వవేత్త మనుషుల మధ్య ఉండే ప్రాథమిక బాధ్యతల జాబితా ఒకటి ఇచ్చాడు: ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం, చేసిన కీడుని సరిదిద్దడం, కృతజ్ఞత, న్యాయం, ఇతరులకి మేలు చేయడం, తనను తాను మెరుగుపరచుకోవడం, హాని చేయకపోవడం. ఇవి ఒకదాన్నుంచి ఒకటి పుట్టినవి కావని, దేని కాళ్ల మీద అది నిలబడుతుందని ఆయన అన్నాడు. అందుకే ఒక్కోసారి రెండు ఢీకొంటాయి. అప్పుడు ఒకటి పక్కకి తప్పుకోవాలి. కానీ పక్కకి తప్పుకున్నది మాయమైపోదు, దానికి మళ్లీ ఏదో రకంగా చెల్లించాలి. నేను చదివిన వాటిలో నా ఉద్యోగానికి అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చిన మాట ఇదే.

బాకీ ఉంది నిజమే. మరి అన్నయ్య అడుగుతున్నది మీదేనా? ఆ ఉద్యోగం మీది కాదు. కంపెనీది అని మీరు అనుకోవచ్చు, నేను ఇంకొంచెం ముందుకు వెళతాను. అది ఆ వరసలో నిలబడ్డ పిల్లలందరిదీ. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్లలో గదికి ముగ్గురు నలుగురు చొప్పున ఉంటూ, ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి కోర్సులు నేర్చుకుంటున్న పిల్లలు వాళ్లు. వాళ్లలో ఒకరికి రావాల్సిన అవకాశం తీసి అన్నయ్య చేతిలో పెడితే, అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టే. మీ బాకీ తీరదు, ఇంకొకరికి కొత్త బాకీ మొదలవుతుంది. ఆ ఇంకొకరెవరో మీకు ఎప్పటికీ తెలియదు, క్షమించమని అడగడానికి కూడా కుదరదు. అన్నయ్య తనకున్న బాకీని మాఫీ చేయగలడు. ఆ పేరు తెలియని పిల్లాడి తరఫున అన్నయ్య గానీ, మీ మేనేజర్ గానీ, మీరు గానీ మాఫీ చేయలేరు.

మన సంప్రదాయంలో ఋణాల ఆలోచన చాలా లోతైనది. దేవ ఋణం, ఋషి ఋణం, పితృ ఋణం, ఈ మూడూ అందరి నోటా వింటాం. శతపథ బ్రాహ్మణంలో నాలుగోది కూడా ఉంది, మనుష్య ఋణం. మనిషిగా పుట్టినందుకే తోటి మనుషులకి బాకీ పడతామని, ఇంటికొచ్చినవాళ్లకి నీడ, తిండి ఇచ్చి దాన్ని తీర్చుకోవాలని. మొదటి మూడింటిని గుర్తుపెట్టుకుని నాలుగోదాన్ని వదిలేశాం. ఇంట్లో ఎంతో పద్ధతిగా ఉండే మనుషులు గేటు దాటగానే ఇంకోలా ఎందుకు ఉంటారో నాకు ఇక్కడే కొంత అర్థమైంది. వాళ్ల లెక్కల పుస్తకంలో ఆ పేజీయే లేదు.

చేయాల్సింది ఇది. అన్న కొడుకు అప్లై చేశాడని హెచ్‌ఆర్‌కి మెయిల్ రాసి ఆ ప్యానెల్ నుంచి తప్పుకోండి. తప్పుకున్నాక ప్యానెల్‌లో ఉన్న స్నేహితుడికి "కొంచెం చూడు" అని ఫోన్ చేయకండి, తప్పుకోవడానికి అర్థం లేకుండా పోతుంది. ఇక అన్నయ్యకి మీ సొంతంలోంచి ఎంత ఇవ్వగలిగితే అంత ఇవ్వండి, అక్కడ పిసినారితనం వద్దు. పిల్లాణ్ణి ఆరు నెలలు మీ ఇంట్లో పెట్టుకోండి. కోర్సు ఫీజు మీరు కట్టండి. ఆదివారాలు మీరే కూర్చుని ఇంటర్వ్యూలు ప్రాక్టీస్ చేయించండి. ఏ కంపెనీలో ఎలాంటి ఖాళీలున్నాయో, అతని రెజ్యూమెలో ఏం లేదో చెప్పండి. పద్దెనిమిదేళ్ల వయసులో అన్నయ్య మీకిచ్చింది తన కాలం. మీరు కూడా కాలమే ఇవ్వాలి. ఒక సిఫారసు మెయిల్‌తో వదిలించుకోవాలని చూడటం, ఆలోచిస్తే, ఆన్‌లైన్‌లో అయిదువేలు వేస్తానన్న ఆ కొడుకు పద్ధతే.

అన్నయ్యకి చెప్పేటప్పుడు "కంపెనీ రూల్స్ ఒప్పుకోవు అన్నా" అని చెప్పాలనిపిస్తుంది. ఆ మాట వద్దు. "చేయగలనేమో, కానీ చేయను, ఎందుకంటే ఇది" అని చెప్పండి. రూల్ వెనక దాక్కుంటే ఆయన నొచ్చుకోవడానికి కూడా మనిషి దొరకడు. ఆయన నొచ్చుకుంటాడు. వదినగారు ఒకటి రెండు మాటలు అనొచ్చు. అది వినడం కూడా మీరు చెల్లించాల్సిన దాంట్లో భాగమే. నీతులు చెప్పి ఆయన నోరు మూయించకండి.

ఇక ట్యాంకు. నాకు ఆందోళన కలిగించింది ఇదే, మీరేమో దాన్ని చివర్లో నాలుగు లైన్లలో రాశారు.

మూసి ఉన్న మురుగు ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ లాంటి వాయువులు పేరుకుంటాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు ఆ వాసన పట్టడం మానేస్తుంది. అందుకని లోపలికి దిగినవాడు వాసన తగ్గింది, పరవాలేదు అనుకుంటాడు. రెండు మూడు ఊపిర్లలో స్పృహ తప్పవచ్చు. ఈ ప్రమాదాల వార్తలు చూడండి, తరచుగా ఇద్దరో ముగ్గురో పోతారు. మొదటివాడు పడిపోతే లాగడానికి రెండోవాడు దిగుతాడు. ఆ రెండోవాడికి ఏ ఒప్పందం లేదు, రోజు కూలీకి వచ్చాడు. తోడొచ్చిన మనిషి కళ్లముందు పడిపోతుంటే తాడు కోసం వెతక్కుండా దిగాడు. నైతిక బాధ్యత అంటే ఏమిటని మీరు అడిగారు. ఆ మనిషికి దాని గురించి ఎవరూ పాఠం చెప్పలేదు. పైన అరవై ఇళ్లలో ఉన్న మనం దాన్ని ఖర్చు పద్దులో చూస్తున్నాం.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 2013లో వచ్చిన చట్టం, సరైన రక్షణ లేకుండా డ్రైనేజీల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనిషిని నేరుగా గానీ, ఇంకొకరి ద్వారా గానీ దింపకూడదంటుంది. "ఇంకొకరి ద్వారా" అన్న మాట గమనించండి, కాంట్రాక్టర్ పేరు చెప్పి కమిటీ తప్పించుకోలేదు. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇలా చనిపోయినవాళ్ల కుటుంబాలకి పది లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. ఆ 2014 తీర్పు వెనక సఫాయి కర్మచారీ ఆందోళన్ అనే పారిశుధ్య కార్మికుల సంస్థ ఉంది, 2003లో కోర్టుకి వెళ్లింది వాళ్లే. వాళ్లకి అండగా నిలిచినవారిలో మన హైదరాబాద్‌లోనే కన్నుమూసిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారు ఒకరు.

శంకరన్ గారి పేరు మా తరం రెవెన్యూ వాళ్లకి గుండెల్లో ఉంటుంది. వెట్టిచాకిరీ నిషేధ చట్టం 1976లో వచ్చింది. దేశంలో ప్రతి కలెక్టర్ బల్ల మీదా అదే కాగితం. చాలాచోట్ల అది బల్ల మీదే ఉండిపోయింది. ఆయన మాత్రం ఊళ్లకి వెళ్లి, మీరు ఇక ఎవరికీ బాకీ లేరు, పని మానేయొచ్చు అని వెట్టివాళ్ల ముందు నిలబడి చెప్పారు. అది అప్పటి పెద్దలకి నచ్చలేదు. చట్టం అందరికీ ఒకటే, దాన్ని తన బాకీగా తీసుకున్నది మాత్రం ఏ కొద్దిమందో. ఆయన పెళ్లి చేసుకోలేదు, జీతం పేదపిల్లల చదువులకి ఖర్చుపెట్టారు, పద్మభూషణ్ ఇస్తే వద్దన్నారు. అలా బతకమని నేను మీకు చెప్పను. అది బాధ్యతని దాటి వెళ్లిన జీవితం. భూదాన్ పోచంపల్లిలో 1951 ఏప్రిల్‌లో దళిత కుటుంబాలు ఎనభై ఎకరాలు కావాలని వినోబా భావేని అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి గారు వంద ఎకరాలు ఇస్తానని లేచి నిలబడటం కూడా అలాంటిదే. ఇవ్వకపోయి ఉంటే ఆయన్ని ఎవరూ తప్పుపట్టేవారు కాదు. మీ ట్యాంకు ఆ కోవలోకి రాదు. ఒక మనిషి మీ మురుగులో చచ్చిపోకుండా చూడటం గొప్పతనం కాదు, కనీసం. పెద్ద త్యాగాలు మన వల్ల కావని చెప్పి ఈ కనీసాన్ని కూడా ఎగ్గొట్టే అలవాటు మనలో బాగా ఉంది.

కమిటీలో మూడు మాటలు వస్తాయి, నాకు తెలుసు. మొదటిది, "వాడే దిగుతానంటున్నాడు, అలవాటే అంటున్నాడు". ఇక్కడ మాఫీ ప్రశ్నని జాగ్రత్తగా చూడాలి. తన ప్రాణం విషయంలో తను ఒప్పుకున్నాడు కదా, మన బాకీ పోయినట్టే కదా అనిపిస్తుంది. ఆ రోజు ఆ డబ్బు దొరక్కపోతే పొయ్యి వెలగని మనిషి సరే అంటే అది ఒప్పుకోలు కాదు. ఇంకో పని అదే కూలికి చేతిలో ఉండి కూడా అతను ఇదే ఎంచుకుంటే అప్పుడు మాట్లాడుకుందాం. పైగా ఈ పనికి ఎప్పుడూ ఏ కులాల వాళ్లే వస్తారో అందరికీ తెలుసు. అది అలవాటు కాదు, తరతరాలుగా ఇంకో దారి లేకుండా చేయడం. 2013 చట్టం కూడా దిగేవాడి ఒప్పుకోలుని లెక్కలోకి తీసుకోదు.

రెండో మాట, "మనం దింపామా, కాంట్రాక్టర్ కదా". దీనికి మన నేల మీదే జరిగిన ఉదాహరణ ఉంది. 1956 సెప్టెంబర్‌లో, అప్పటికింకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న మహబూబ్‌నగర్ దగ్గర, వంతెన కూలి రైలు పడిపోయింది. వందమందికి పైగా చనిపోయారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చారు, నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబర్‌లో తమిళనాడులోని అరియలూరు దగ్గర ఇంకో ప్రమాదం జరిగింది. శాస్త్రి గారు మళ్లీ రాజీనామా ఇచ్చి ఈసారి వెళ్లిపోయారు. ఆయన ఆ వంతెన కట్టలేదు, ఆ రైలు నడపలేదు. కానీ ఆ కుర్చీలో కూర్చోవడానికి ఒప్పుకున్నప్పుడే ఆ రైళ్లలో ఎక్కేవాళ్లందరికీ బాకీ పడ్డానని ఆయన అనుకున్నారు. కమిటీ సభ్యత్వం చిన్న కుర్చీ. చిన్నదే అయినా కుర్చీయే.

ఇంతా చెప్పి, మీరు కూడా రాజీనామా చేసి తప్పుకోండని మాత్రం అనను. శాస్త్రి గారు జరిగిపోయినదానికి బాధ్యత తీసుకున్నారు. మీ దగ్గర ఇంకా ఏమీ జరగలేదు. ఇప్పుడు మీరు దిగిపోతే మీ చేతులు శుభ్రంగా ఉంటాయి, ఆ మనిషి మాత్రం ట్యాంకులోకి దిగుతాడు.

మూడో మాట, "మెజారిటీ నిర్ణయం". లిఫ్టుకి ఏ రంగు వేయాలన్నది మెజారిటీతో తేల్చుకోవచ్చు. ఎందుకంటే ఆ లిఫ్టు ఆ అరవై ఇళ్లదే, ఖర్చూ కష్టమూ వాళ్లదే. ట్యాంకులోకి దిగేవాడికి ఆ మీటింగ్‌లో కుర్చీ లేదు. రాని మనిషి ప్రాణం మీద వచ్చినవాళ్లు చేతులెత్తి తీర్మానం చేయలేరు. మీ నాలాలో కలిసే మురుగుకైనా ఇదే వర్తిస్తుంది. అది చివరికి మూసీలో కలుస్తుంది, మూసీ నల్లగొండ జిల్లాలోని వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా ఆ నీళ్లతో వరి పండించే రైతులున్నారు. వాళ్లూ మీ మీటింగ్‌కి రారు.

చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. యంత్రంతో ట్యాంకు ఖాళీ చేసే వాహనాల కోసం జలమండలి 155313 నంబరుకి ఫోన్ చేసి అడగండి. చిన్న సందుల్లోకి కూడా వెళ్లగలిగే జెట్టింగ్ యంత్రాలు నగరంలో 2017 నుంచే తిరుగుతున్నాయి, మా వీధి ఇరుకు అన్న సాకు ఇప్పుడు చెల్లదు. వచ్చే ఖర్చుని అరవైతో భాగించి, ఫ్లాటుకి ఎంత పడుతుందో నోటీసు బోర్డు మీద పెట్టండి. చాలామంది ఆ అంకె చూసి ఊరుకుంటారు, ఎందుకంటే వాళ్లు చెడ్డవాళ్లు కాదు, ఇంతవరకు ఎవరూ వాళ్లకి చెప్పలేదు. మనిషిని దింపకూడదని కాంట్రాక్టులో రాయించండి. మీరు అభ్యంతరం చెప్పినట్టు మినిట్స్‌లో నమోదు చేయించండి. అయినా దింపుతామంటే మున్సిపల్ అధికారులకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. పొరుగువాళ్లు కొన్నాళ్లు ముభావంగా ఉంటారు. వాళ్లతో మంచిగా ఉండటం కూడా మీ బాధ్యతే, దాన్ని తర్వాత తీర్చుకోవడానికి బోలెడు పండగలున్నాయి.

రెండు పనుల్లో ఏది ముందు అని మీరు అడగలేదు గానీ చెబుతాను. అన్నయ్య దగ్గరికి ఊరికి వెళ్లే చెప్పాలి, ఫోన్‌లో వద్దు. దానికి వచ్చే ఆదివారం దాకా టైమ్ ఉంది. హెచ్‌ఆర్‌కి మెయిల్ మాత్రం ఇంటర్వ్యూ తేదీ ఖరారు కాకముందే వెళ్లాలి. ట్యాంకు శుభ్రం చేయించడానికి కాంట్రాక్టర్‌ని మళ్లీ ఎప్పుడు పిలిచారో ఈ సాయంత్రమే సెక్రటరీని అడగండి.